చప్పుడు పైనుంచే వస్తోంది

ఏప్రిల్ 7, సోమవారం

ఈ డైరీ ఎవరికీ చూపించను. షెడ్డులో నా వెనక ఏదో జరుగుతోంది. తేదీలతో సహా రాసి పెట్టుకుంటే రేపు ఎవడైనా మాట మార్చినప్పుడు నాకైనా గుర్తుంటుంది.

రమణమూర్తి గారి ట్రాక్టరు మా కంచరపాలెం షెడ్డుకి వచ్చి పది రోజులైంది. 1966 బండి. మూడు సిలిండర్లు. ఎర్ర రంగు పోయి ఇటుక రంగులోకి వచ్చేసింది. వాళ్ల ఊరి భూములన్నీ ఉక్కు ఫ్యాక్టరీకి పోయాక అందరూ గాజువాక అవతల కాలనీకి వచ్చేశారు. దున్నడానికి సెంటు నేల లేదు, ట్రాక్టరు మాత్రం ఉంది. ఏడాదికి ఒక్క రోజే దానికి పని. మరిడమ్మ పండగ నాడు ఘటాలు పెట్టిన ట్రాలీ తొట్టిని కాలనీ నుంచి ఫ్యాక్టరీ గోడ దాకా లాగాలి. ఆ గోడ అవతల ఉండేదట ఊరు. ఈసారి పండగ 22, మంగళవారం. పోయినేడాది సగం దారిలో ఆగిపోతే జనం తోసుకుంటూ వెళ్లారు. ఈసారి ఆగితే ఇంకెప్పుడూ ఆ బండి కట్టరట, లారీ మాట్లాడేస్తారట.

ఇంజను మొత్తం విప్పి బిగించింది నేనే. ఉస్తాద్ రహమాన్‌కు కంటి ఆపరేషన్ అయింది, రెండు వారాలు దుమ్ములోకి రాకూడదు. పోతూ పోతూ సందులు కొలిచే రేకులున్న తన గేజి డబ్బా నా చేతిలో పెట్టాడు. తౌసిఫ్ చేతిలో కాదు. తౌసిఫ్ ఆయన సొంత చెల్లెలి కొడుకు, ఐటీఐ పాసయ్యాడు. నేను ఎనిమిదిలో మానేసినవాణ్ని. అయినా నాకే ఇచ్చాడు.

"సింహాద్రీ, టాపెట్లు నువ్వే పెట్టు బేటా. పన్నెండు నంబరు రేకు. గుర్తెట్టుకో, పన్నెండు" అన్నాడు.

రమణమూర్తి గారు ఫోన్‌లో ఆ బండి కంపెనీ పుస్తకం చూపించారు. టాపెట్లు పెట్టడమంటే వాల్వుకీ దాన్ని నొక్కే రాకర్‌కీ మధ్య సందు సరి చేయడమే. ఆ సందు 0.30 అని ఉంది. అంటే ముప్పై. పన్నెండెక్కడ, ముప్పై ఎక్కడ! ఉస్తాద్‌కు కన్నే కాదు, జ్ఞాపకం కూడా పోతోంది. డబ్బాలో ముప్పై అంకె ఉన్న రేకు తీసి, సందులో దూర్చి, ఆరు వాల్వులకూ స్క్రూలు బిగించాను. ఉస్తాద్‌తో మాత్రం పన్నెండే పెట్టానని చెప్పాను. పెద్దాయన చిన్నబోవడం ఎందుకని.

స్టార్ట్ చేస్తే టక టక టక టక.

తౌసిఫ్ బైకు వెనక నుంచి తల బయట పెట్టి, "బావా, సప్పుడు పైనుంచొత్తంది. టాపెట్లు ఒకపాలి సూసుకో" అన్నాడు.

"గేజి ఎట్టి పెట్టాను. నాకు సెప్పకు."

నవ్వాడు. ఆ నవ్వు ఇక్కడ రాసి పెడుతున్నాను.

ఏప్రిల్ 8, మంగళవారం

రోజంతా వినడమే పని. పొడుగు స్క్రూడ్రైవరు పిడిని చెవికి ఆనించి, కొనని ఇంజను మీద ఒక్కో చోటా పెట్టాను. కింద, క్రాంకు దగ్గర ఏమీ లేదు. పక్కన డీజిల్ పంపు దగ్గర దాని మామూలు గురగుర. పైన మూత మీద పెడితే చెవిలో సుత్తితో కొట్టినట్టు ఉంది.

తర్వాత డీజిల్ గొట్టాల నట్లు ఒక్కొక్కటే వదులు చేశాను. పిస్టన్ చప్పుడైతే ఆ సిలిండర్‌కి డీజిల్ అందకపోగానే చప్పుడు తగ్గాలి. తగ్గలేదు. మూడింటికీ తగ్గలేదు. కాబట్టి పిస్టన్ కాదు, బేరింగు కాదు.

పైనుంచే. కానీ పైన టాపెట్లు నేనే పెట్టాను. గేజి పెట్టి పెట్టాను. కాబట్టి టాపెట్లు కావు.

రాకర్ షాఫ్టు అరిగి ఉండొచ్చు. స్పేరు పార్టుల కొట్టువాడు పాతది పాలిష్ చేసి కొత్తదని అంటగట్టి ఉండొచ్చు. వాడి ముఖం నాకు మొదటి నుంచీ నచ్చలేదు.

ఏప్రిల్ 9, బుధవారం

దొరికింది.

పొద్దున్న తొమ్మిదికి వెళ్లగానే మూత విప్పి చూశాను. ముప్పై రేకు ఏ వాల్వు దగ్గరా దూరలేదు. ఆరూ బిగిసిపోయి ఉన్నాయి. ఒకటి బిగిస్తే అనుకోవచ్చు, ఆరూ వాటంతట అవే బిగుసుకుంటాయా? ఎవరో తిప్పారు.

షెడ్డుకి రెండు తాళం చెవులు. ఒకటి నా దగ్గర, ఇంకొకటి తౌసిఫ్ దగ్గర. వాడు పొద్దున్నే నమాజు చేసుకుని ఆరున్నరకల్లా వచ్చి షెడ్డు తీస్తాడు. తొమ్మిది దాకా ఒక్కడే ఉంటాడు.

వాణ్ని ఏమీ అడగలేదు. మళ్లీ ముప్పై పెట్టాను. స్టార్ట్ చేస్తే మళ్లీ టక టక. ఒకసారి ఎవరైనా కెలికితే అంత తొందరగా సర్దుకోదు.

ఏప్రిల్ 10, గురువారం

మధ్యాహ్నం అన్నం దగ్గర వాడు కదిపాడు.

"బావా, ఆ గేజి ఒకపాలి ఇయ్యి. నంబరు సూత్తాను."

"ఏటి, నంబర్లు నాకు రావనా?"

"అలగ అన్నానేటి? మామూ నాతో పన్నెండు అన్నాడు. నువ్వెంత ఎట్టావు?"

"ఉస్తాద్ నాకేటి సెప్పాడో నీకెందుకు? డబ్బా ఎవరికిచ్చాడు?"

వాడు ముద్ద నోట్లో పెట్టుకుని నమిలీ నమిలీ, "నీకే ఇచ్చాడులే" అన్నాడు.

డబ్బా ఇప్పుడు నా ప్యాంటు జేబులోనే పెట్టుకు తిరుగుతున్నాను.

ఏప్రిల్ 11, శుక్రవారం

సాయంత్రం షెడ్డు మూసే ముందు ఇంజను మూత అంచు మీద టూత్‌పేస్టు సన్నగా గీతలా రాశాను. నాలుగు చోట్ల. తీస్తే చెరిగిపోతుంది. మళ్లీ రాయాలంటే వాడి దగ్గర పేస్టు ఉండదు, వాడు పళ్లు తోమేది పొడితో.

ఏప్రిల్ 12, శనివారం

గేటు దగ్గరకి వచ్చేసరికి ఇంజను నడుస్తున్న చప్పుడు. పక్క పట్టాల మీద రైలు పోతుంటే ఆగి విన్నాను, రైలు పోయాక కూడా విన్నాను. టక టక లేదు. కుట్టు మిషను లాగా తిరుగుతోంది.

లోపలికి వెళితే రమణమూర్తి గారు పళ్లన్నీ కనిపించేలా నవ్వుతూ నిలబడ్డారు. తౌసిఫ్ నన్ను చూసి ఇంజను ఆపేశాడు. ఎందుకు ఆపాడు? నన్ను చూసే ఎందుకు ఆపాడు?

"సింహాద్రీ, బాగైపోయింది కదయ్యా! ఇంక ఇలాగే వదిలీండి, ముట్టుకోకండి" అన్నారాయన.

మూత అంచు చూశాను. పేస్టు నాలుగు చోట్లా చెరిగిపోయింది.

చల్లారాక విప్పి రేకు పెట్టాను. దూరలేదు. అప్పుడు అర్థమైంది నాకు వాడి ఎత్తు. టాపెట్లు బిగించేస్తే చప్పుడు నొక్కుకుపోతుంది. వినడానికి హాయిగా ఉంటుంది. కానీ వాల్వు పూర్తిగా మూసుకోదు, నాలుగు మైళ్లు లాగేసరికి కాలిపోతుంది. పండగ నాడు నడి రోడ్డు మీద ఆగుతుంది. బిగించింది ఎవరు? సింహాద్రి. ఎనిమిదో క్లాసు సింహాద్రి. అప్పుడు గేజి డబ్బా ఎవరి చేతికి వెళుతుంది?

రమణమూర్తి గారి ముందే మళ్లీ ముప్పై పెట్టాను. స్టార్ట్ చేశాను. టక టక టక. ఆయన నవ్వు పోయింది.

"ముట్టుకోవద్దన్నాను కదయ్యా."

"సప్పుడు లేకపోతే మంచిదని కాదండి. లోపల కాలిపోద్ది. మీకు తెలీదు."

"నాకు తెలీదులే" అని స్కూటరు ఎక్కేశారు.

తౌసిఫ్ అక్కడే ఉన్నాడు. పిండిన గుడ్డలా ఉంది వాడి ముఖం. నటన.

ఏప్రిల్ 13, ఆదివారం

సెలవు. గదిలో పడుకుంటే ఫ్యాన్ కూడా టక టకమంటున్నట్టే ఉంది. లేచి చూశాను, ఫ్యాన్ బాగానే ఉంది.

వాడు నా మీద ఎందుకు కక్ష కట్టాడా అని ఆలోచించాను. ఆరేళ్లుగా ఒకే పళ్లెంలో తిన్నాం. వాళ్లమ్మ షబానా గారు వాడికి కుట్టించిన చొక్కా గుడ్డలోనే నాకూ కుట్టించింది. రెండేళ్ల కిందట ఉస్తాద్ చీటీ మీద 1.5 అని రాసిస్తే నేను పదిహేను అనుకుని తప్పుడు బోల్టులు తెచ్చాను. ఉస్తాద్ అరుస్తుంటే వాడు మధ్యలోకి వచ్చి, "నానే తప్పు సెప్పాను మామూ" అన్నాడు. తర్వాత నాతో, "ఎవరికీ సెప్పన్లే బావా. సుక్కలు ఎప్పుడైనా తేడా వొత్తే నన్నడుగు" అన్నాడు.

అప్పుడు మంచితనం అనుకున్నాను. ఇప్పుడు తెలుస్తోంది. నా గుట్టు ఒకటి చేతిలో పెట్టుకున్నాడు, అంతే.

ఏప్రిల్ 14, సోమవారం

మళ్లీ బిగించి ఉన్నాయి. మూడోసారి. మళ్లీ వదులు చేశాను. చప్పుడు.

రేపు తేల్చేస్తాను.

ఏప్రిల్ 15, మంగళవారం

తేలిపోయింది.

నిన్న సాయంత్రం వెళ్లే ముందు నేను పెట్టిన స్క్రూల మీద మార్కర్ పెన్నుతో చుక్కలు పెట్టాను. పొద్దున్న రమణమూర్తి గారిని రమ్మని పిలిచి, ఆయన ముందే మూత విప్పాను. ఆరు చుక్కలూ పక్కకి తిరిగి ఉన్నాయి. ఉస్తాద్‌కి ఫోన్ చేసి స్పీకరు పెట్టాను.

"ఉస్తాద్, నాను పెట్టిన గ్యాపు రోజూ ఎవరో తిప్పీసి బిగించీస్తన్నారు. రమణమూర్తి గారు ఇక్కడే ఉన్నారు, ఆయనే సూసారు."

ముప్పై అనలేదు. గ్యాపు అని మాత్రమే అన్నాను. అంత మాట అందరి ముందూ ఎందుకు.

"ఎవరది?" ఫోన్‌లోంచి ఉస్తాద్ అరిచాడు.

తౌసిఫ్ చేతులు తుడుచుకుంటున్నాడు. కొంచెం కూడా తడుముకోలేదు. "నానే మామూ."

"అరే! ఎందుకురా?"

"ఆణ్నే అడుగు."

నా వైపు చూశాడు. ఇంకెవరికీ వినపడకుండా, "సెప్పీమంటావేటి బావా?" అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. "సెప్పడానికేటుంది? అమ్మోరి బండి దొంగసాటుగా పాడుసేసినోడివి. నీ మామూ కళ్లు కట్టుకుని ఇంట్లో ఉంటే ఇక్కడ దొంగ పని సేత్తన్నావు. దొంగ!"

రమణమూర్తి గారు, "మా అమ్మ ఎనభై ఏళ్ల మనిషి, ఈ బండి మీదే పేనం ఎట్టుకుని ఉంది. నీకేటి సేసిందయ్యా అది?" అన్నారు. తౌసిఫ్ ఆయనకు దండం పెట్టాడు. సంచీ భుజానికి తగిలించుకున్నాడు. తాళం చెవి బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. ఆరింటికీ మళ్లీ ముప్పై పెట్టాను.

ఒప్పుకున్నాడు. నలుగురి ముందూ తన నోటితోనే ఒప్పుకున్నాడు. నా అనుమానం నిజమే. ఒక్కసారి కూడా తప్పు పోలేదు.

ఏప్రిల్ 16, బుధవారం

ఈరోజు ఎవరూ తిప్పలేదు. రేకు సరిగ్గా దూరింది. ఆరింటికీ.

ఏప్రిల్ 17, గురువారం

చప్పుడు అలాగే ఉంది.

ఏప్రిల్ 18, శుక్రవారం

రేకు సరిగ్గా దూరుతోంది. మూడు రోజులుగా ఎవరూ ముట్టుకోలేదు. రెండు తాళం చెవులూ నా దగ్గరే ఉన్నాయి. అయినా టక టక టక.

వాడు వెళ్లే ముందు ఇంకేదైనా చేశాడేమో. ఆయిల్ చాంబర్ విప్పాను. రోజంతా వీపు కింద గోనె పరుచుకుని బేరింగులన్నీ చూశాను. ఇనప రజను లేదు, గీత లేదు. నేను బిగించినట్టే ఉన్నాయి. బాగా బిగించాను.

రమణమూర్తి గారి మీద కూడా అనుమానం వస్తోంది. డీజిల్ ఆయనే తెస్తాడు. టీ కొట్టువాడు రెండుసార్లు వచ్చి ఇంజను వైపు చూశాడు. వాడికి ఇంజనుతో ఏం పని?

అన్నం ఒక్కణ్నే తిన్నాను. సగం పారేశాను.

ఏప్రిల్ 19, శనివారం

ఉస్తాద్ ఫోన్. ఇంజను దగ్గర పెట్టమన్నాడు, పెట్టాను. ఒక నిమిషం విన్నాడు.

"సింహాద్రీ, ఇది టాపెట్ సౌండే బేటా."

"కాదు ఉస్తాద్. పొద్దున్న కూడా సూసాను."

"పన్నెండేనా?"

"పన్నెండే."

"మరైతే నా చెవులు కూడా పోయినట్టున్నాయి" అని పెట్టేశాడు.

పండగ ఇంకా మూడు రోజులు. లారీ మాట్లాడుతున్నారట కాలనీలో.

ఏప్రిల్ 20, ఆదివారం

ఇది ఎలా రాయాలో తెలియడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

రమణమూర్తి గారు వాళ్లమ్మ పాపాయమ్మ గారిని ఆటోలో తీసుకొచ్చారు. ఆవిడే పట్టుబట్టిందట. కర్ర ఊతంతో బండి చుట్టూ ఒక తిరుగు తిరిగింది. ముందు చక్రం మీద చెయ్యి వేసి నిలబడింది.

"ఏటిరా గుంటడా, మా బండి ఇంకా ఏడుత్తంది?"

"సూత్తన్నాను మామ్మా."

"పది దినాల్నించీ సూత్తన్నావంట కదా. మా ముసిలోడైతే ఈపాటికి కార్డు ఎట్టీసి, సుట్ట కాల్చుకుంటా కూకుందుడు."

"కార్డేటి?"

"ఓలమ్మా, ట్రాట్రు మేస్త్రీవి, కార్డు తెలీదేటి నీకు? సీటు కింద డబ్బా ఉంటాది, తియ్యి."

సీటు కింద తుప్పు పట్టిన రేకు డబ్బా ఉంది. ఇన్నాళ్లూ నేను దాన్ని తెరవలేదు. లోపల ఒక పానా, గుడ్డ పీలిక, ఆయిల్‌తో నల్లబడిన పోస్టుకార్డు ముక్కలు. పొడుగ్గా, నిలువుగా కత్తిరించినవి. వాటి మీద చేతిరాత ఇంకా కొంచెం కనపడుతోంది.

"ఆ బొక్కలో ఈ కార్డు ముక్క ఎట్టి, బిగువుగా జారితే సాలు అనీవోడు. ఆ బండి అమ్మినోడు నేర్పేడంట. నలభై ఏళ్లు అలాగే నడిపేడు."

రమణమూర్తి గారు నవ్వి, "నాన్నకి సదువు రాదు కదా, అందుకు కార్డు పెట్టుకునీవోడు" అన్నారు.

"రాదు. అయితే ఏటి?" ముసలావిడ కర్ర నేల మీద కొట్టింది. "సిగ్గు పడీవోడు కాదు. ఉత్తరం వొత్తే రోడ్డు మీద పోయీవోణ్ని ఆపీసి, బాబూ ఇదేటుందో సదివి పెట్టు అనీవోడు. సదివించుకున్నాక ముక్కలు కోసి ఇందులో దాసీవోడు."

ఆవిడ మాట తీసేయలేక ఇంజను మూత విప్పి, ఒక ముక్క తీసి సందులో పెట్టాను. పట్టుకోకుండానే కింద పడిపోయింది. అంత ఖాళీ. మడిచి రెండు పొరలు పెట్టాను. ఇంకా ఆడుతోంది. మూడు పొరలు చేస్తే అప్పుడు బిగువుగా జారింది.

"మూడు పొరలేటి! ఒక్కటే ఎట్టాలి" అంది ఆవిడ.

నా సంచీలో అడుగున నా సొంత గేజి ఉంది. సగం రేకులు విరిగిపోయాయని వాడటం మానేశాను. దాంట్లో 0.30 అని రాసి ఉన్న రేకు మిగిలే ఉంది. తీసి ఉస్తాద్ ముప్పై రేకు పక్కన పెట్టాను. వేళ్లతో నలిపి చూశాను. నాది బ్లేడులా వంగింది, ఉస్తాద్‌ది వంగలేదు. రెండింటి మీదా మూడూ సున్నా.

తర్వాత ఉస్తాద్ డబ్బాలోంచి పన్నెండు రేకు తీసి నా 0.30 పక్కన పెట్టాను. కళ్లు మూసుకుని పట్టుకుంటే ఏది ఏదో తెలియలేదు. సమానం.

ఉస్తాద్ డబ్బా అంగుళంలో వెయ్యో వంతుల లెక్కది. ఫోన్‌లో పుస్తకం మిల్లీమీటర్ల లెక్కది. అందులో పన్నెండు, ఇందులో ముప్పై, రెండూ ఒకటే సందు. ఉస్తాద్‌ది తప్పు కాదు. పుస్తకానిదీ తప్పు కాదు. నేను పుస్తకంలో అంకె చూసి డబ్బాలో అదే అంకె వెతుక్కున్నాను. ఉండాల్సిన సందుకి రెండున్నర రెట్లు పెట్టాను. నాలుగుసార్లు కూడా కాదు, మొదటిదానితో కలిపి ఐదుసార్లు పెట్టాను.

తౌసిఫ్ బిగించలేదు. సరి చేశాడు. నేను రాకముందే, తన ఐటీఐ గేజితో, ఎవరికీ తెలియకుండా.

"ఏటైంది నాయినా, మొకం అలగైపోయింది?"

"ఏటీ నేదు మామ్మా."

ఏప్రిల్ 21, సోమవారం

పన్నెండు రేకు పెట్టి ఆరూ సరి చేశాను. స్టార్ట్ చేశాను. ఆ రోజు గేటు దగ్గర విన్న ఇంజను ఇదే.

రమణమూర్తి గారు నన్ను వాటేసుకున్నారు. "దొరికిందా? ఏటిది లోపం?"

"సిన్నదేనండి."

ఉస్తాద్‌కి ఫోన్‌లో వినిపించాను. "షాబాష్! ఇదీ ఇంజనంటే" అన్నాడు. తర్వాత, "చూశావా, ఆడు పోయాకే బాగైంది. నా చెల్లెలి కొడుకని ఇన్నాళ్లూ నెత్తిన పెట్టుకున్నాను. ఇంక ఆణ్ని షెడ్డు గుమ్మం తొక్కనివ్వను. నా ఇంటి గుమ్మం కూడా" అన్నాడు.

చెప్పాలనుకున్నాను. ఇంజను నడుస్తోంది, ఫోన్‌లో సరిగ్గా వినపడదు అనుకున్నాను. ఇంజను ఆపేశాక ఆయన పెట్టేశాడు.

మధ్యాహ్నం బస్సెక్కి వన్‌టౌన్ వెళ్లాను. తౌసిఫ్ వాళ్ల వీధి మొదట్లో నిలబడ్డాను. షబానా గారు మేడ మీద బట్టలు ఆరేస్తోంది. నన్ను చూసి ఉంటుంది. చూడలేదేమో. వెనక్కి వచ్చేశాను.

పండగ హడావుడి కదా. పండగ అయ్యాక తీరిగ్గా చెబుతాను. అదే మంచిది.

ఏప్రిల్ 22, మంగళవారం

బండి నన్నే నడపమన్నారు. కొత్త తువ్వాలు తలకి చుట్టారు. వెనక తొట్టిలో ఏడు ఘటాలు, వేపాకు, డప్పులు. ఉస్తాద్ నల్ల కళ్లద్దాలు పెట్టుకుని వచ్చాడు, రెండు వారాల తర్వాత ఇదే బయటికి రావడం. మడ్‌గార్డ్ మీద నా పక్కనే కూర్చుని, ఇంజను మీద తల ఒరిగించినట్టు వింటూ వచ్చాడు.

ఎండలో రెండు గంటలు. ఎక్కడా ఆగలేదు. మెట్ట ఎక్కేటప్పుడు కూడా పొగ రాలేదు. పోయినేడాది తోసిన చోటికి వచ్చేసరికి కుర్రాళ్లు ఈలలు వేశారు.

ఫ్యాక్టరీ గోడ దగ్గర ఆపి, ఇంజను నడుస్తూనే ఉంచమన్నారు. అమ్మవారు తిరిగి కాలనీకి చేరేదాకా ఆపకూడదట. పాపాయమ్మ గారిని దింపారు. ఆవిడ గోడ మొదట్లో పసుపు నీళ్లు పోసి, గోడకి నుదురు ఆనించి ఏదో మాట్లాడుకుంది. అటు పక్కన ఎవరో ఉన్నట్టు.

ఆవిడ తిరిగి వస్తుంటే ఉస్తాద్ బండి దిగాడు. నేను చూస్తూనే ఉన్నాను. వెళ్లి ఆవిడ ముందు నిలబడి రెండు చేతులూ జోడించాడు.

"అమ్మా, మా గుంటడు మీ బండికి ద్రోహం సేయబోయాడు. మా రక్తమే. ఆడి తరఫున నాను మాఫీ అడుగుతున్నాను. ఈ సింహాద్రి నేకపోతే మా మొకం ఎక్కడెట్టుకుందుము?"

డెబ్బై ఏళ్ల మనిషి. కళ్లద్దాల కింద నుంచి నీళ్లు కారుతున్నాయి. కంటికి నీరు తగలకూడదన్నారు డాక్టర్లు. పాపాయమ్మ గారు, "ఊరుకో బాబూ, పిల్లలు కదా" అంటోంది. చుట్టూ కాలనీ అంతా వింటోంది. "తురకోళ్ల గుంటడంట" అని వెనక ఎవరో అన్నారు.

ఆ మాట విన్నాను. సీటు మీద లేచి నిలబడ్డాను.

"ఉస్తాద్! తౌసిఫ్ ఏటీ సేయనేదు."

అందరూ నా వైపు తిరిగారు.

"నాలుగుపాలు తౌసిఫ్ బాగుసేసాడు. ఐదుపాలు నాను పాడుసేసాను. మీరు పన్నెండన్నారు, నాను ముప్పై ఎట్టి పన్నెండని సెప్పాను. ఆడు దొంగ కాదు. అబద్ధం ఆడింది నాను."

ఇంజను ఎంత మెత్తగా తిరుగుతోందంటే, అరవకుండానే చివరి వరస దాకా వినపడింది.

ఉస్తాద్ కళ్లద్దాలు తీసేశాడు. "మరి ఆడెందుకు సెప్పనేదు నాతో?"

"నాకు సుక్కల లెక్కలు సదవడం రాదని మీకు తెలీకూడదని. మీకు తెలిస్తే డబ్బా తీసీసుకుంటారని."

ఉస్తాద్ కళ్లద్దాలు జేబులో పెట్టుకున్నాడు. మళ్లీ బండి ఎక్కలేదు. నడుచుకుంటూ రోడ్డు వైపు వెళ్లి ఆటో ఆపుకున్నాడు. పాపాయమ్మ గారు నా దగ్గరకి వచ్చి, "నడుపు నాయినా, అమ్మోరు ఎండలో ఉంది" అంది. నడిపాను. కాలనీ చేరేదాకా నాతో ఎవరూ మాట్లాడలేదు. తువ్వాలు విప్పేసి ఒళ్లో పెట్టుకున్నాను.

ఏప్రిల్ 23, బుధవారం

షెడ్డు తీశాను. ఎవరూ రాలేదు.

ఏప్రిల్ 24, గురువారం

పది గంటలకి తౌసిఫ్ వచ్చాడు. నన్ను చూడకుండా లోపలికి వెళ్లి తన పానాలన్నీ గుడ్డలో చుట్టుకున్నాడు. గోడకి తగిలించిన చొక్కా తీసుకున్నాడు. నేను గుమ్మంలో నిలబడ్డాను.

"ఆటోనగర్లో పని దొరికింది. రేపట్నించి" అన్నాడు.

"ఉస్తాద్..."

"మొన్న తిన్నగా మా ఇంటికే వొచ్చీసాడు. అమ్మ ముందు ఏడిసాడు. రమ్మంటన్నాడు. నాకు రావాలని నేదు."

"నాను నలుగురి ముందూ సెప్పీసాను తౌసిఫ్."

"తెలుసు. నలుగురి ముందూ దొంగన్నావు, నలుగురి ముందూ కాదన్నావు. ఆళ్లకి సరిపోయింది." సంచీ జిప్పు లాగాడు. ఇరుక్కుంది. మళ్లీ లాగాడు. "నీకు తెలీదేటి నాను ఎలాటోణ్నో? ఆరేళ్లు పక్కన కూకుని తిన్నావు. ఊరందరికీ తెలీకపోనీ, నీకు తెలీదేటి?"

"తప్పయిపోయింది."

"అది అవతలి మాట. నాకు అడిగినదానికి సెప్పు."

తెలుసు అంటే తెలిసే అన్నట్టు అవుతుంది. తెలియదు అంటే ఆరేళ్లూ అబద్ధం అవుతుంది. రైలు వచ్చింది. పొడుగాటి గూడ్సు, బొగ్గు పెట్టెలు.

పోయాక వాడు సంచీ ఎత్తుకున్నాడు. నా పక్క నుంచి దాటుతూ, "ఆ ట్రాలీ జాకీ ఆయిల్ కారతంది. దాని కింద పడుకోకు బావా" అన్నాడు. వెళ్లిపోయాడు.

అలవాటు కొద్దీ అని ఉంటాడు. ఆరేళ్ల అలవాటు నోటికి, అంత తొందరగా పోదు. లేకపోతే నన్ను ఇంకా బాధపెట్టాలని అని ఉంటాడు. లేకపోతే...

వద్దు. ఈ ఒక్కటీ కెలకను. బావా అన్నాడు.